షెవర్లేకి కాపలా

ఔంబాన్
2011 నవంబరు 14

తమ్ముడు సాన్ పేకి అక్క ఓన్ యిన్ రాస్తున్నది.

ఈ ఉత్తరం యాంగోన్ బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. పోయినసారి నా ఉత్తరం అక్కడి బస్సాఫీసు బల్ల మీద తొమ్మిది రోజులు పడి ఉందట. ఈసారన్నా కాస్త కాళ్ళు కదిలించి, వెళ్ళి అడిగి తెచ్చుకో.

ఇక్కడ లారీల దొంగలు పడ్డారు. నీకు నవ్వొస్తుందేమో, మొదట నాకూ వచ్చింది. మన షెవర్లేలాంటి డెబ్బై ఏళ్ళ డొక్కుని ఎవడెత్తుకుపోతాడు, ఎత్తుకుపోయి ఏ కొండెక్కిస్తాడు అనుకున్నాను. కానీ నలభై ఏళ్ళు దాటిన బండిని సర్కారుకి అప్పగిస్తే, బయటి దేశం నుంచి కొత్త కారు తెప్పించుకోడానికి అనుమతి కాగితం ఇస్తున్నారట గదా. ఆ కబురు కొండెక్కి మా దాకా వచ్చినప్పట్నుంచి ముసలి బళ్ళన్నిటికీ పెళ్ళికూతురి కళ వచ్చింది. మొన్న సంతరోజున హేహో దారిలో ఒక వెల్లుల్లి వ్యాపారి లారీని, ఇంటిల్లిపాదీ సంతలో ఉండగా, తాళ్ళు కట్టి ఈడ్చుకుపోయారు. ఇంకొకాయన బండిని వదిలేసి, చట్రం మీద నంబరు కొట్టిన ముక్క మటుకు కోసుకుపోయారు.

దలారీ ఒకడు మన ఇంటికి మూడుసార్లు వచ్చాడు. మూడోసారి వచ్చినప్పుడు, మీ ఆయన పోయె, తోలే దిక్కు లేకపాయె, తుప్పు పట్టే ఇనుముని పట్టుకుని ఎందుకమ్మా వేళ్ళాడతారు అన్నాడు. నా చేతిలో బియ్యం కడిగిన కుడితి ఉంటే వాడి కాళ్ళ మీద పోశాను. పొరపాటున కాదు.

వచ్చే మంగళవారానికి మీ బావ పోయి రెండేళ్ళు. కలా కొండ దిగుతూ, క్యాబేజీ లోడుతో ఉన్న బండిని పక్కకి తీసి, చేతి బ్రేకు లాగి, క్లీనరు చేత చక్రానికి రాయి పెట్టించి, అప్పుడు స్టీరింగు మీద తల వాల్చాడు మహానుభావుడు. ఒక్క క్యాబేజీ కింద పడలేదు. తెల్లదొరల సైన్యం వదిలేసి పోయిన సామాను వేలంలో నాన్న కొన్న లారీ అది. మీ బావ ముప్ఫై ఏళ్ళు తోలాడు. ఆ సీట్లోనే పోయాడు. నేను బతికుండగా దాన్ని ఎవడూ ముక్కలు చెయ్యడానికి వీల్లేదు.

నువ్వు మెకానిక్కువి గదా. తాళం కప్ప కాకుండా ఇంకేం చెయ్యాలో రాయి. మరదలిని అడిగానని చెప్పు.

అక్క


యాంగోన్
2011 డిసెంబరు 2

అక్కకి,

నాలుగు రోజుల్లోనే వెళ్ళి ఉత్తరం తెచ్చుకున్నాను, నోరు చేసుకోకు. కుడితి సంగతి చదివి మీ మరదలు పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ దలారీ ఎవడోగాని అదృష్టవంతుడు. గంజి వార్చే వేళకి వచ్చి ఉంటే ఆసుపత్రిపాలయ్యేవాడు.

సరే, శ్రద్ధగా చదువు. ఒకటి, బ్యాటరీ తీసి ఇంట్లో పెట్టు. రెండోది దానికంటే ముఖ్యం. ఇంజను పక్కన డిస్ట్రిబ్యూటరు నల్ల మూత ఉంటుంది, రెండు క్లిప్పులు నొక్కితే ఊడొస్తుంది. లోపల బొటనవేలంత ముక్క ఒకటి తిరుగుతుంది. దాన్ని రోటరంటారు. అది లాగి దాచేస్తే, ఎంత పనితనమున్న దొంగైనా ఇంజను పలికించలేడు. బావ నాకు నేర్పిన మొదటి విద్య అదే. నేను క్లీనరుగా ఉన్న ఏడేళ్ళూ రాత్రి హోటలు దగ్గర బండి ఆపితే రోటరు ఆయన జేబులో ఉండేది. ఒకసారి దాంతో సహా చొక్కా ఉతికించుకుని, పొద్దున్నే ఏటి ఒడ్డంతా నా చేత వెతికించాడు.

ఇక ఈడ్చుకుపోయే రకాలకి మందేమిటంటే, చక్రాలు విప్పించి దుంగల మీద నిలబెట్టు. ఖున్ లాని పిలు, ఆ పక్కింటి మనిషికి బలం ఎక్కువ, ప్రశ్నలు తక్కువ. ఎడమ ముందు చక్రం వెనక చట్రం మీద నంబరుంటుంది. దాని మీద తారు పూసెయ్.

అన్నిటికంటే విలువైనది బండి పుస్తకం. పుస్తకం లేనిదే బండి ఉన్నా సర్కారు వాళ్ళు తీసుకోరు. నాన్న పేరే ఉందిగా ఇంకా దాని మీద? నాన్న బండి నీకిచ్చినప్పుడు ఆఫీసు చుట్టూ ఎవరు తిరుగుతార్లే అని వదిలేశాం. దాన్ని భద్రంగా దాచి, ఎక్కడ దాచావో నాకు రాయి. ఇద్దరిలో ఒకరికన్నా గుర్తుండాలి కదా.

అక్షరాలు వంకరగా ఉన్నాయనుకోకు, కదిలే బస్సులో రాస్తున్నాను.

తమ్ముడు
సాన్ పే


ఔంబాన్
2011 డిసెంబరు 21

తమ్ముడికి,

నువ్వు చెప్పినవన్నీ చేశాను. ఖున్ లా చక్రాలు విప్పి మా వంటింట్లో వరసగా నిలబెట్టిపోయాడు. ఇప్పుడు నేను చక్రం మీద పీట వేసుకుని కూర్చుని ఆవాకు తరుగుతున్నాను. బ్యాటరీ మంచం కింద ఉంది. తారు పూయడానికి బండి కిందికి నేనే దూరాను. బయటికి రాలేక అరిస్తే, ఖున్ లా పెళ్ళాం వచ్చి కాళ్ళు పట్టి లాగింది. నాలుగు రోజులు నెత్తికి కిరసనాయిలు రాసుకున్నా తారు వదల్లేదు.

రోటరు చందనం డబ్బాలో, పైన చెక్కపేళ్ళు కప్పి దాచాను. ఈ వయసులో నా మొహానికి చందనం ఏమిటని ఆ డబ్బా ఎవరూ ముట్టుకోరు. పుస్తకం బుద్ధుడి పీట కింది పలక తీసి అందులో పెట్టాను. ఎంత దొంగైనా బుద్ధుణ్ణి పక్కకి జరిపి చెయ్యి పెట్టడు గదా.

పొద్దున టీ పెట్టుకుని, వెళ్ళి బండిలో పక్క సీట్లో కూర్చుంటున్నాను. డ్రైవరు సీట్లో కూర్చోను. చక్రాలు లేకపోయేసరికి బండి కాస్త ఎత్తుగా ఉంది, దూరాన కొండల మీద చలిమంటలు కూడా కనిపిస్తున్నాయి. మీ బావ ఉన్నన్నాళ్ళూ ఆ సీట్లో తీరిగ్గా కూర్చుందామంటే క్యాబేజీలకిచ్చిన మర్యాద నాకివ్వలేదు.

మరొకటి అడుగుతాను, నిజం చెప్పు. ఈ వానాకాలం నుంచీ ఇది నీ నాలుగో ఉత్తరం. నాలుగింట్లోనూ నీ అక్షరాలు ఎడమకి ఒరిగి ఉన్నాయి. యాంగోన్‌లో నువ్వెక్కే బస్సులన్నీ ఎడమకే ఒరుగుతాయా?

అక్క


యాంగోన్
2012 జనవరి 11

అక్కకి,

కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు.

మొన్న ఆ అప్పగింత మైదానం వైపు వెళ్ళాను. ఎన్ని బళ్ళో అక్కా. సైన్యం లారీలు, మన చిన్నప్పుడు స్కూలు దారిలో తిరిగిన మొద్దు బస్సులు, పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చే పెద్ద కార్లు. వాటిని తెచ్చినవాళ్ళెవరూ ఏడవడం లేదు. తెచ్చి ఇస్తున్నారు, కాగితం పట్టుకుని టీ కొట్టు దగ్గర నవ్వుకుంటున్నారు. ఆ కాగితంతో ఒక చిన్న కారు తెచ్చుకుంటే, దాన్ని టాక్సీగా తిప్పుకుంటే, ఒక ఇల్లు గడిచిపోతుంది. నువ్వు కూడా ఇక్కడికొచ్చి మాతో ఉండొచ్చు. ఆ చలిలో ఒక్కదానివి తారు పూసుకుంటూ ఎన్నాళ్ళు?

నువ్వు ఇనుముని కాపలా కాస్తున్నావు. ఇవాళ కాకపోతే రేపు దాన్ని దొంగలెత్తుకుపోతారు, లేదంటే తుప్పు తినేస్తుంది. దొంగల పాలయ్యే బదులు మనవాళ్ళకి పనికొస్తే తప్పేమిటి? బావ ఆ సీట్లో లేడక్కా. ఆ సీట్లో ఉన్నది స్ప్రింగులూ కొబ్బరి పీచూ. ఆ పీచు కుట్టింది నేనే.

నా అక్షరాలకేమీ కాలేదు. కళ్ళజోడు మార్చాను.

సాన్ పే


ఔంబాన్
2012 ఫిబ్రవరి 1

సాన్ పేకి,

బస్సు కాస్తా కళ్ళజోడయింది. సరే.

నీ ఉత్తరం చదివి పది రోజులు జవాబు రాయలేదు. రాస్తే ఏం రాసేదాన్నో నాకే భయమేసింది. దలారీ మీద పోసినట్టు నీ మీద కుడితి పొయ్యడానికి నువ్వు దగ్గర లేవు, నీ అదృష్టం.

ఆ పీచు నువ్వే కుట్టావు, నాకు గుర్తుంది. నీకు పంతొమ్మిదేళ్ళు. కుట్టడం అయ్యాక మీ బావ దాని మీద కూర్చుని, "నీ మొహంలాగే ఉందిరా, ఎత్తుపల్లాలు" అన్నాడు. నువ్వు మూడు రోజులు అన్నం తినలేదు. ఆ తర్వాత ఆయన ముప్ఫై ఏళ్ళు ఆ ఎత్తుపల్లాల మీదే కూర్చున్నాడు, ఎంత మొత్తుకున్నా మార్పించుకోలేదు. మా తమ్ముడు కుట్టింది అనేవాడు. నా తమ్ముడు అని కాదు, మా తమ్ముడు అని.

ఆ సీటు గురించి నువ్వు అలా రాయకూడదు. ఇంకెవరన్నా రాస్తే ఊరుకునేదాన్ని. బండిని నేను ఇవ్వను. ఇది నాతో మళ్ళీ ఎత్తకు.

మార్చి మొదట్లో పిండయ గుహ పండక్కి వెళ్దామనుకుంటున్నాను. ఆయన పోయాక వెళ్ళలేదు. నాలుగైదు రోజులు అక్కడే విహారం సత్రంలో ఉంటాను. ఇంటి తాళం చెవి ఖున్ లాకిస్తాను. నువ్వూ మరదలూ రాకూడదూ? వస్తే మొహాలు చూసుకుని తిట్టుకోవచ్చు. ఉత్తరాల్లో తిట్లు రుచిగా లేవు.

అక్క


యాంగోన్
2012 ఫిబ్రవరి 17

అక్కకి,

తప్పయింది. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తను.

నువ్వు పండక్కి వెళ్ళిరా. తప్పకుండా వెళ్ళు. మాకు రావడానికి వీలు కాదు, ఇక్కడ పని తెమలడం లేదు. బండి గురించి బెంగపడకు, ఖున్ లా ఉన్నాడుగా. చలిగా ఉంటుంది, ఉన్ని శాలువా తీసుకెళ్ళు. గుహలో మెట్లు జారతాయి, నెమ్మదిగా ఎక్కు. మా పేరు మీద కూడా బుద్ధుడికి ఒక బంగారు రేకు అద్దు.

ఏ రోజు బయల్దేరతావో, ఏ రోజు తిరిగొస్తావో రాయి.

తమ్ముడు


ఔంబాన్
2012 మార్చి 2

తమ్ముడికి,

రేపు తెల్లారి బయల్దేరుతున్నాను, ఎనిమిదో తేదీకి తిరిగొస్తాను. నువ్వడిగితే వారం కిందటే ఒక ముక్క రాసి పంపాను, అంది ఉంటుంది. ఇది వేరే ఉత్తరం. పండక్కి వెళ్ళేముందు ఒక సంగతి ఎవరితోనన్నా చెప్పాలనిపించింది. చెప్పుకోడానికి నువ్వు తప్ప ఎవరున్నారు?

పనిలో ఉండగా పోయినవాడికి పై అధికారి విడుదల కాగితం రాసి శవపెట్టెలో పెట్టాలి గదా. నీ పని అయిపోయింది, ఇక నిన్ను పిలవం, నీ దారిన నువ్వు వెళ్ళు అని. మేనమామ పోయినప్పుడు తపాలా ఆఫీసు పెద్ద రాశాడు, గుర్తుందా? కాగితం లేకపోతే ఆ మనిషి పోయానని తెలియక పని దగ్గరే ఉండిపోతాడు. మీ బావ బండి మీద ఉండగా పోయాడు. బండి నాన్న నాకిచ్చాడు గనక ఓనరుని నేను. ఆయన నన్ను ముప్ఫై ఏళ్ళూ ఓనరమ్మా ఓనరమ్మా అని ఏడిపించింది చివరికి అక్కరకొచ్చింది. కాగితం రాయవలసింది నేనే.

మీ బావని సాగనంపిన రోజు విహారం పెద్ద భిక్షువు, "రాశావా తల్లీ?" అని అడిగారు. రాశానని చెప్పి, మడత పెట్టిన కాగితం మీ బావ చొక్కా జేబులో పెట్టాను. నువ్వు పక్కనే ఉన్నావు. ఆ కాగితం మీద ఏమీ లేదు తమ్ముడూ. తెల్ల కాగితం. రాద్దామని పొయ్యి దగ్గర కూర్చుని, ఊ తా న్యోకి అని ఆయన పేరు రాయడానికి కూడా చెయ్యి రాలేదు. భిక్షువుతో అబద్ధం చెప్పాను. ఏడో రోజు దానం చేసి అందరం పుణ్యం పంచిపెట్టామే, అది ఆయనకి చేరి ఉండదు. ఆయన ఇంకా డ్యూటీలో ఉన్నాడు.

మొదట కొన్నాళ్ళు ఉండనీ, తర్వాత రాద్దాంలే అనుకున్నాను. పక్క సీట్లో కూర్చుంటే మనిషి ఉన్నట్టే ఉంటుంది. అలా రెండేళ్ళు గడిచాయి. నేను బండికి కాపలా అని ఊరంతా అనుకుంటున్నారు. నిజానికి ఆయన్నే కాపలా పెట్టాను. ఇప్పుడు భయం ఏమిటంటే, దొంగ వచ్చి బండి తీసుకుపోతే ఆయన దాంతోనే పోతాడు. తను ఎవరి దగ్గర పనిచేస్తున్నాడో ఆయనకి తెలియదు, ఎక్కడికి వెళ్ళాడో నాకు తెలియదు. నేను కాగితం రాసినా ఏ దిక్కున నిలబడి చదవాలి? బండి దగ్గర నిలబడే గదా చదవాలి. అందుకే ఇవ్వనన్నాను. ఇనుము మీద ప్రేమతో కాదు.

పిండయ నుంచి వచ్చాక రాస్తాను. ఈసారి ఖాయంగా రాస్తాను. రాసి, బండి ముందు నిలబడి చదివి, ఆ తర్వాత నీ ఇష్టం, ఆ బండి నీకు కావాలంటే తీసుకుపో. నువ్వు దేనికో ఇబ్బంది పడుతున్నావని నాకు తెలుస్తూనే ఉంది. పదో తేదీ దాటాక రా.

అక్క


ఔంబాన్
2012 మార్చి 9

సాన్ పేకి,

నిన్న సాయంత్రం వచ్చాను. పాకలో నాలుగు దుంగలున్నాయి. వంటింట్లో చక్రాలు లేవు. ఏ తాళమూ పగల్లేదు. చందనం డబ్బా మూత పెట్టే ఉంది, లోపల చందనం మటుకే ఉంది. బుద్ధుణ్ణి ఎవరో రెండు చేతులా జాగ్రత్తగా జరిపి, మళ్ళీ జాగ్రత్తగా సర్దారు. పువ్వులు కూడా మార్చారు.

ఖున్ లా నన్ను చూసి నవ్వుతూ వచ్చాడు. మీ తమ్ముడే గదక్కా, నువ్వే రమ్మన్నావన్నాడు, ఇంజను బాగుచేసి తెస్తానన్నాడు, నేనే దగ్గరుండి చక్రాలు బిగించి పెట్టాను, పెద్ద లారీ మీదికి ఎక్కిస్తుంటే వెనక నుంచి తోశాను కూడా అన్నాడు. పాపం, నా మొహం చూశాక నవ్వు మానేశాడు. అతన్ని ఏమనగలను? దొంగ చేతికి తాళాలిచ్చింది నేను, వరసగా నాలుగు ఉత్తరాల్లో.

నా మార్చి రెండో తేదీ ఉత్తరం నీకు అందిందో లేదో నాకు తెలియదు. అంది కూడా చేశావా? ఆ ఒక్కటి చెప్పు, చాలు.

ఖున్ లా ఇంకో మాట చెప్పాడు. ఎండలో కూడా కుడిచేతికి గుడ్డ చుట్టుకునే ఉన్నావట. టీ ఇస్తే ఎడమ చేత్తో అందుకున్నావట. గుడ్డలో వేళ్ళు ఉన్నట్టు లేవు అన్నాడు.

తమ్ముడూ, చేతికేమయింది?

అక్క


యాంగోన్
2012 మార్చి 18

అక్కా,

అందలేదు. ఒట్టు. నేను కొండెక్కుతున్నప్పుడు నీ ఉత్తరం ఇక్కడ బస్సాఫీసు బల్ల మీద ఉంది. తిరిగొచ్చి, బండి అప్పగించి, రెండు రోజుల తర్వాత వెళ్ళి తెచ్చుకున్నాను. పదో తేదీ దాటాక రమ్మని రాశావు. తీసుకుపోమన్నావు. అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాను, ఆఫీసువాడు వచ్చి నీళ్ళిచ్చాడు.

చెయ్యి ఆగస్టులో పోయింది. గ్యారేజీలో బస్సు కింద ఉండగా జాకీ జారింది. మూడు వేళ్ళు అక్కడే నలిగిపోయాయి, నాలుగోది ఆసుపత్రిలో తీసేశారు. గ్యారేజీ ఓనరు పండ్లు తెచ్చి ఇచ్చి, మళ్ళీ రావద్దని చెప్పాడు. పానా పట్టలేని మెకానిక్కుని ఎవరు పెట్టుకుంటారు? స్టీరింగయితే పట్టుకోగలను. అందుకే టాక్సీ అన్నాను.

నీకు ఎందుకు రాయలేదో చెప్తాను. రాస్తే బండి నువ్వే ఇచ్చేసేదానివి. ఏడ్చి, నా చేతిలో పెట్టేదానివి. నేను బతికినన్నాళ్ళూ ఆ కారులో నీ ఏడుపు వినాలి. అడుక్కోవడం చేతకాక దొంగతనం చేశాను. నీకు తెలియకుండా పోతే ఎవరో దలారీ మీదో, దొంగల మీదో తిట్లు పోస్తావు, నా మీద పడవు అనుకున్నాను. ఖున్ లా ఇంట్లో ఉండడనుకున్నాను. ఉన్నాడు. అక్కడే వెనక్కి తిరగాల్సింది. తిరగలేదు.

బండి అప్పగించే ముందు పుస్తకం నా పేరుకి మార్పించుకున్నాను. నాన్న పేరు మీద ఉంది గనక, కొడుకునని వార్డు ఆఫీసు సంతకంతో సులువుగానే అయింది.

నీ ఉత్తరం చదివాక మైదానానికి పరిగెత్తాను. రసీదు చూపిస్తే కాపలావాడు లోపలికి పంపాడు. మధ్యాహ్నం దాకా వెతికాను. తొమ్మిదో వరసలో, రెండు బస్సుల మధ్య ఉంది. అద్దం మీద సున్నంతో నంబరు రాశారు. చక్రాల్లో గాలి తగ్గింది, తలుపు ఊడలేదు. అనుమతి కాగితం తిరిగిచ్చేస్తాను, నా బండి నాకివ్వండి అని అక్కడున్న ఆఫీసరుని అడిగాను. లోపలికొచ్చిన బండి బయటికి పోవడం లేదయ్యా అన్నాడు. కసురుకోలేదు, మెల్లగానే చెప్పాడు. వచ్చే నెల నీళ్ళ పండగ అయ్యాక ఆ వరస కరిగించడానికి పంపుతారట.

నేను తలుపు తీయలేదక్కా. బయట నిలబడ్డాను. లోపలికి చూడడానికి ధైర్యం చాలలేదు.

నువ్వు కాగితం రాసి పంపు. నేను తీసుకెళ్ళి చదువుతాను. నన్ను క్షమించమని అడగను. ఇది ఒక్కటీ నా చేత చేయించు.

సాన్ పే


ఔంబాన్
2012 మార్చి 26

తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది. చేతికి నువ్వుల నూనె, పసుపు వెచ్చగా రాయించుకో. మరదల్ని రాయమను. చలిరోజుల్లో లేని వేళ్ళు కూడా సలుపుతాయట, ఖున్ లా వాళ్ళ నాన్నకి అలాగే ఉండేది.

నువ్వడిగితే బండి ఇచ్చేదాన్నా అని ఈ వారమంతా ఆలోచించాను. నువ్వనుకున్నంత మంచిదాన్నేమీ కాదు. నాకు తెలియదు. ఏడ్చేదాన్ని, అది మటుకు నిజం. ఇచ్చేదాన్నో లేదో.

కాగితం రాద్దామని కూర్చున్నాను. ఈసారి చెయ్యి వచ్చింది. ఆయన పేరు రాశాను, బండి నంబరు రాశాను, ఫలానా రోజు నుంచి విడుదల అని కూడా రాశాను. తీసుకెళ్ళి విహారంలో పెద్ద భిక్షువుకి చూపించి, రెండేళ్ళ కిందటి అబద్ధం కూడా ఒప్పుకున్నాను. ఆయన కాగితం రెండు వైపులా చూశారు. తిరిగిచ్చి, "బండి ఇప్పుడు ఎవరి పేరున ఉంది?" అని అడిగారు.

నీ పేరున ఉంది.

ఓనరువి నువ్వు. పనిలోంచి తీసే అధికారం నీది. నా సంతకం ఇక చెల్లదు. నేను ఓనరుగా ఉన్నన్నాళ్ళు రాయలేదు, ఇప్పుడు రాద్దామంటే ఓనరుని కాను. నువ్వు బండితో పాటు ఆయన్ని కూడా నీ పేరుకి మార్పించుకున్నావు, నీకు తెలియకుండానే. కాబట్టి నువ్వే రాయాలి. ఎడమ చేత్తోనైనా సరే, నీ చేత్తోనే రాయి. ఇంకెవరి చేతా రాయించకు.

పొద్దున్నే చదువు. మధ్యాహ్నం లోడు దించాక ఆయనకి కునుకు పట్టేది, మాట వినిపించుకునేవాడు కాదు. గట్టిగా చదువు. ఎడమ చెవి ఇంజను మోతకి పోయింది, కుడివైపు తలుపు దగ్గర నిలబడు.

తప్పులన్నీ చెప్పు, దాచకు. కానీ నేను ఏడుస్తున్నానని మటుకు రాయకు. నా గురించి మంచిగా ఏదన్నా రాయి. లేకపోతే ఆయన దిగడు.

అక్క


అప్పగింత మైదానం, తొమ్మిదో వరస
యాంగోన్
2012 ఏప్రిల్ 3, పొద్దున

షెవర్లే లారీ డ్రైవరు ఊ తా న్యోకి, ఆ లారీ ఓనరు సాన్ పే రాసి చదువుతున్నది.

బావా, నేనే ఓనరుని. నవ్వుకో. పుస్తకం మీదా రసీదు మీదా నా పేరుంది, రసీదు చూపించమంటే చూపిస్తాను. ఎలా వచ్చిందో ముందు చెప్తాను. నీ పెళ్ళాం ఇంట్లో లేనప్పుడు వచ్చి, బుద్ధుణ్ణి జరిపి పుస్తకం తీశాను. చందనం డబ్బాలోంచి రోటరు తీశాను. రోటరు తీస్తే దొంగ ఏమీ చెయ్యలేడని నువ్వు నాకు నేర్పావు. దొంగే తీస్తే ఏం చెయ్యాలో నేర్పలేదు. పెద్ద లారీ మీదికి ఎక్కిస్తున్నప్పుడు నీకు కుదుపు తగిలి ఉంటుంది. వెనక కూర్చున్న నేను ఒక్కసారి కూడా నిన్ను తలుచుకోలేదు. కొండ దిగేటప్పుడు కూడా తలుచుకోలేదు. ఖాళీ సీటే అనుకున్నాను.

నా కుడిచెయ్యి పోయింది. నువ్వు పానా పట్టడం నేర్పిన చెయ్యి. అందుకే ఈ పని చేశాను. ఇది సాకు కాదు, నీకు తెలియాలని చెప్తున్నాను.

ఇది రెండేళ్ళ కిందటే నీకు అందవలసిన కాగితం. ఆలస్యం ఎవరి వల్ల అయిందో అడగకు. ఇష్టం లేక ఆలస్యం చెయ్యలేదు.

బావా, నువ్వు 2009 నవంబరు 22న కలా కొండ దిగువన చనిపోయావు. గుండె ఆగింది. నొప్పి ఎక్కువసేపు లేదన్నారు. బండి పక్కకి తీశావు, బ్రేకు లాగావు, సరుకంతా భద్రంగా చేరింది. ఆ క్యాబేజీలు తర్వాతి రోజు వేరే లారీలో మాండలే వెళ్ళాయి. ఎవరికీ నష్టం రాలేదు. నీ పనిలో ఏ లోపమూ లేదు.

ఈ బండి ఇక నడవదు. పండగయ్యాక దీన్ని కరిగిస్తారు. దానికి నువ్వు కాపలా ఉండనక్కర్లేదు. నాకు ఇంకో కారు వస్తుంది, దాన్ని నేనే తోలాలి. ఆ కారుకి కూడా నువ్వు రావద్దు.

అక్క బాగుంది. ఒళ్ళు కూడా చేసింది. పిండయ పండక్కి వెళ్ళొచ్చింది, మెట్లన్నీ తనే ఎక్కింది. వంటింట్లో ఆవాకు తరుగుతూ దలారీలని తిడుతోంది. నీ గురించి అడిగితే నవ్వుతోంది.

కాబట్టి ఓనరునైన నేను, ఇవాళ్టి నుంచి నిన్ను ఈ బండి పనిలోంచి విడుదల చేస్తున్నాను. ఇక మేము నిన్ను ఏ దారికీ పిలవం. నువ్వు ముప్ఫై ఏళ్ళు చేసిన పుణ్యమంతా నీది. మేము చేసినదాంట్లో కూడా నీకు వాటా ఉంది, తీసుకో.

తలుపు తీశాను. నువ్వు కూర్చున్నచోట సీటు ఇంకా పల్లంగానే ఉంది. పక్కన బస్సు ఆనుకుని ఉంది, చోటు తక్కువ. నేను వెనక్కి జరుగుతున్నాను.

నెమ్మదిగా దిగు బావా.

సాన్ పే
ఎడమ చేతి సంతకం